ఎత్తకూడని ఫోన్

మా అత్త ఫోన్ మోగితే ఎవరూ ఎత్తకూడదు. ఆ చలికాలమంతా మా ఇంట్లో నడిచిన చట్టం ఇది. ఎత్తినవాళ్ళ చెయ్యి విరగ్గొడతానని ఆవిడ నవ్వుతూనే చెప్పేది గానీ, ఆ నవ్వుని నమ్మి ఫోన్ దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఆవిడ కన్నకొడుకు, అంటే మా ఆయన మహేంద్రకి అసలే లేదు.

అది బటన్ల ఫోన్. అందులో తాడేపల్లిగూడెంలో తీసుకున్న ఇండియా సిమ్మే ఉండేది. న్యూజీలాండ్‌లో, వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో కొండవాలు మీదున్న మా ఇంట్లో ఆ సిమ్ముకి సిగ్నల్ అందేది ఒక్క చోటే, లాండ్రీ గది కిటికీ గట్టు మీద. అత్త దాన్ని సబ్బుపొడి డబ్బాకి ఆనించి నిలబెట్టి, ఇంట్లో ఏ పని చేస్తున్నా ఒక చెవి అటే వేసి ఉంచేది. ఆవిడ చిన్నకొడుకు రవిచంద్ర సైన్యంలో డ్రైవరు. లడఖ్‌లో, చెట్టనేది కనిపించని ఎత్తులో, బండి నడిపేవాడు. రోజూ పొద్దున్నే కొండ దిగి సిగ్నల్ దొరికే మలుపుకి రాగానే తల్లికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్కసారి మోగి ఆగిందంటే బావున్నానని. ఆగకుండా మోగిందంటే ఏదో అయిందని, అప్పుడు మాత్రం ఎత్తాలి. వాళ్ళ ఊళ్ళో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు, ఈ లెక్క అక్కడి తల్లులందరికీ తెలుసు.

అక్కడ తెల్లవారేసరికి మాకు ఇక్కడ మధ్యాహ్నం అన్నం ఉడికే వేళ. కుక్కర్ కూసే సమయానికి లాండ్రీలో ఫోన్ ఒకసారి టింగుమనేది. అత్త గరిటె పట్టుకునే అటు తిరిగి, "వచ్చేశాడు భోజనానికి" అనేది. ఆ తర్వాతే మాకు కంచాలు పెట్టేది. వాడు ఆలస్యం చేస్తే మేమంతా ఆకలితో మాడాల్సిందే. పాలిచ్చే తల్లినని నామీదైనా జాలి చూపలేదు మహాతల్లి.

ఆవిడ పేరు శేషారత్నం. మామ పోయినప్పటినుంచి ఊళ్ళో ఒక్కతే ఉండేది. జనవరిలో ఇంటికి తాళం వేసి, నా కానుపు కోసం వచ్చింది. పాపకి మూడో నెల దాటాక, ఆవకాయ వేళకి వెనక్కి వెళ్ళిపోవాలని ప్లాను. అంతలో కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి, న్యూజీలాండ్ తలుపులు వేసుకుంది. లోపలున్నవాళ్ళం లోపలే. మహేంద్ర ఆఫీసు పడగ్గదిలోకి వచ్చింది. నేను పాపతో హాల్లో. అత్త వంటింట్లో. బయట ఎటు చూసినా కొండలు, మధ్యలో ఊళలు పెట్టే వెల్లింగ్టన్ గాలి. ఆ గాలికి పాపని ప్రామ్ బండిలో తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి రావడమే నాకు లోకసంచారం అయింది.

నాది ప్రొద్దుటూరు. మా వైపు అత్తని 'అత్తా' అనే పిలుస్తాం. గోదావరి ఆవిడకి అది చెవిలో గుచ్చుకునేది. "అత్తయ్యగారూ అంటే నీ నోరేం అరిగిపోదుగా అమ్మాయ్" అంది వచ్చిన కొత్తల్లో. "అరిగిపోతాదత్తా, చిన్న నోరు" అన్నాను. ఆవేళ నుంచి మాకిద్దరికీ పడీ పడకుండా బానే సాగింది. పప్పులో నేను కారం ఎక్కువేస్తే ఆవిడ బెల్లం ముక్క వేసేది, ఆవిడ చూడనప్పుడు నేను మళ్ళీ కారం వేసేదాన్ని. ఆ పప్పు తిని బతికినవాడు మహేంద్ర.

పొద్దున్నే కాఫీ ఇస్తూ కొడుకుని అడిగేది, "హైకమిషన్‌వాళ్ళు ఫోన్ చేశారా? సీటేమైనా ఇచ్చారా?" అని. చిక్కుకుపోయినవాళ్ళ కోసం ఆక్లండ్ నుంచి అప్పుడొకటి అప్పుడొకటి ప్రత్యేక విమానాలు నడుపుతున్నారు. మహేంద్ర పేరు నమోదు చేసి రోజూ వెంటపడుతున్నాడు. "వస్తుందమ్మా" అనేవాడు. "మామిడికాయలు పండిపోయాక వస్తుందిలే" అని ఆవిడ మూతి ముడుచుకునేది.

జూన్ మధ్యలో, ఇక్కడ చలి ముదురుతుండగా, ఆ వార్త వచ్చింది. లడఖ్‌లో, నది ఒడ్డున, సరిహద్దు మీద రెండు వైపులవాళ్ళూ తుపాకులు పేల్చకుండా రాళ్ళతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారని. మనవాళ్ళు ఇరవైమంది పోయారని. మహేంద్ర ల్యాప్‌టాప్‌లో తెలుగు ఛానల్ పెట్టాడు. అందులో కుర్చీలో కూచున్నాయన ఒకడు యుద్ధం కావాలని బల్ల గుద్దుతున్నాడు.

"వాణ్ణి ఆపు" అంది అత్త. "పేర్లు చెప్పేటప్పుడు పెట్టు."

పేర్లు మర్నాడు వచ్చాయి. మహేంద్ర పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. రవిచంద్ర పేరు లేదు. నేను పాపని ఎత్తుకుని గట్టిగా ముద్దు పెట్టుకున్నాను. అత్త మాత్రం అలాగే నిలబడింది.

"దెబ్బలు తగిలినవాళ్ళ పేర్లో?" అంది.

"అవి చెప్పలేదమ్మా."

ఆ మధ్యాహ్నం కుక్కర్ కూసింది, ఫోన్ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. ఊళ్ళో ఉండే రిటైరైన సుబేదారు ఈశ్వరరావు గారికి మహేంద్ర ఫోన్ చేశాడు. "గొడవ చల్లారేదాకా పైనున్నవాళ్ళకి ఫోన్లు ఇవ్వరు బాబూ, మీ అమ్మగారిని కంగారు పడొద్దనండి" అని ఆయన చెప్పారు. అదే మాట అత్తకి చెప్తే, "ఈశ్వరరావు నలుగురికీ అలాగే చెప్తాడు, మంచోడు" అని లాండ్రీలోకి వెళ్ళిపోయింది.

గొడవ చల్లారలేదు. ఇంకా సైన్యాన్ని పైకి తోలుతున్నారని, ట్యాంకులు ఎక్కిస్తున్నారని రోజూ వార్తలు. మా ఇంట్లో భోజనాల వేళ తప్పిపోయింది. అన్నం ఉడికి, చల్లారి, మళ్ళీ వేడెక్కేది. బెల్లం వెయ్యడం మానేసింది అత్త. నా కారం పప్పు నోరెత్తకుండా తినేది. ఆవిడ మాటలు పడి విసుక్కునేదాన్ని కదా, ఆ మాటలు లేకపోయేసరికి ఇల్లు మీద పడి నొక్కినట్టు ఉండేది. కిటికీ అద్దాల లోపలివైపు తేమ పట్టి నీళ్ళు కారుతుంటే ఆవిడ తువ్వాలుతో తుడుస్తూ కూచునేది, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ. అద్దంలోంచి ఆవిడ చూసేది మా వీధి మలుపుని.

ఇంకో సంగతి కూడా జరిగింది, అప్పట్లో నేను లెక్క చెయ్యలేదు. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు సీటు గురించి అడగడం మానేసింది. ఆవకాయ వేళ దాటిపోయింది కదా, ఆశ వదులుకుందేమో అనుకున్నాను.

అదే రోజుల్లో మా కాలింగ్ బెల్ చచ్చిపోయింది. పాపకి తెప్పించిన స్వెట్టర్లు కొరియర్‌వాడు వెనక్కి తీసుకుపోయి, ఇంట్లో ఎవరూ పలకలేదని కార్డు పడేసిపోయాడు. ఇరవైనాలుగు గంటలూ ఇంట్లో పడి ఏడుస్తున్నవాళ్ళం, ఎవరూ లేకపోవడమేంటని నాకు ఒళ్ళు మండింది. మహేంద్ర బెల్లు విప్పి చూస్తే లోపల బ్యాటరీలు లేవు. కొత్తవి వేశాడు. వారం తిరక్కుండా మళ్ళీ ఇంకో కార్డు. మళ్ళీ బ్యాటరీలు లేవు.

"ఈ దేశంలో బ్యాటరీల దొంగలు కూడా ఉన్నారు" అన్నాను.

"దెయ్యాలేమోలే" అన్నాడు మహేంద్ర ల్యాప్‌టాప్ వైపు చూస్తూనే. అత్త పాపకి నూనె రాస్తోంది, తల ఎత్తలేదు.

జులై చివర్లో ఒక పొద్దున మహేంద్ర హెడ్‌సెట్ మెడలో వేలాడుతుండగానే పడగ్గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. సీటు వచ్చింది. ఆక్లండ్ నుంచి ఢిల్లీ, అక్కడ కొన్నాళ్ళు క్వారంటైన్, ఆపైన ఊరికి. వాళ్ళమ్మ రెండు చేతులూ పట్టుకుని, "చూశావా, అన్నాను కదా వస్తుందని" అన్నాడు. పాపం, ఎన్ని వారాల తర్వాతో వాడి మొహంలో నవ్వు చూశాను.

"అలాగా" అంది అత్త.

సూట్‌కేసు కిందికి దించింది. చీరలు మడతపెట్టి సర్దింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ చీరలే మళ్ళీ మంచం మీద ఉన్నాయి, మళ్ళీ మడతపెడుతోంది. "ఏందత్తా, నిన్ననే సర్దితివి కదా" అంటే, "సరిగ్గా కుదరలేదమ్మాయ్" అంది. ఆ పని ఆవిడ రోజూ చేసింది. నాకేమో ఆవిడ వెళ్ళిపోతుందంటే దిగులు పట్టుకుంది, పసిపిల్లతో ఈ గాలిలో ఈ కొండల్లో ఒక్కదాన్నే ఎలాగని. ఆ దిగులులో ఆవిడ దిగులు నాకు కనిపించలేదు.

ప్రయాణం ఇంకా వారముందనగా, మహేంద్ర ఆఫీసుకి వెళ్ళాడు. అప్పటికి ఆఫీసులు తెరిచేశారు. నేను పాపని అత్త దగ్గర పెట్టి, నాపీల కోసం, అంటే డైపర్ల కోసం, మాల్ దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి, పక్కన ఒక పొడుగాటి మావోరీ అబ్బాయి. నా చేతిలో సంచీ జారిపోయింది. పాపకేమైనా అయిందా అని పరుగెత్తాను.

అదేం కాదు. పక్కింటివాళ్ళ కారు రాత్రి ఎవరో ఎత్తుకుపోయారట. మా గరాజ్ మీద కెమెరా ఉందేమో కనుక్కుందామని వచ్చారట. "బెల్లు మోగడం లేదు. కర్టెన్ కదలడం చూశాం, తలుపు కొడితే మాత్రం ఎవరూ పలకడం లేదు" అంది ఆ అమ్మాయి మర్యాదగా.

తాళంచెవి తిప్పాను. తలుపు కదల్లేదు. అవతల ఎవరో ఆనుకుని కూచున్నారు.

"అత్తా, నేను. కొంచెం జరుగు."

చాలాసేపటికి కింద నుంచి, గడప దగ్గర నుంచి, గొంతు వచ్చింది.

"నీ పక్కన ఉన్నారా వాళ్ళు?"

"ఉన్నారు."

"ఇద్దరేనా?"

"ఇద్దరే. ఎందుకు?"

"ఇంట్లో ఎవరూ లేరని చెప్పు."

నవ్వొచ్చింది నాకు, నిజం. "నువ్వు ఉన్నావు, పాప ఉంది, నేను ఇక్కడున్నా. ఎవరూ లేరని ఎట్ల చెప్పేది?"

"తాళం వేసుందని చెప్పు అమ్మాయ్. ఊరెళ్ళిపోయారని చెప్పి పంపెయ్. నీకు దండం పెడతాను."

ఆ దండం అన్న మాట దగ్గర నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా అత్త ఎవరికీ దండం పెట్టే మనిషి కాదు. నేను పోలీసుల వైపు తిరిగి, కెమెరా లేదని, మా అత్తకి ఒంట్లో బాలేదని ఇంగ్లీషులో చెప్పాను. "నో వర్రీస్" అని ఆ అబ్బాయి నా నాపీల సంచీ ఎత్తి చేతికిచ్చాడు. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "పోయినారత్తా" అన్నాను.

తలుపు తెరుచుకుంది. పాప ఆవిడ ఒళ్ళో హాయిగా నిద్రపోతోంది. అత్త మహేంద్ర పాత జాకెట్ చీర మీద వేసుకుని నేల మీదే కూచుని ఉంది. లేవబోతే కొంగు జారింది. కొంగు చివర ముడి. ఆ ముడిలోంచి బ్యాటరీల కొస బయటికి కనిపిస్తోంది. నేను చూశానని ఆవిడా చూసింది, దాచుకోలేదు.

నేను పక్కన కూచున్నాను. ఆవిడే చెప్పింది, నా మొహం చూడకుండా.

"మా ఊళ్ళో పెళ్ళయినా, పురుడైనా, చావైనా ఫోన్లోనే చెప్పేసుకుంటారు. సైన్యంలోవాళ్ళ కబురొక్కటే మనుషులొచ్చి చెబుతారమ్మా. ఇద్దరొస్తారు. ఆ కార్గిల్ గొడవప్పుడు మా ఎదురింటి మంగతాయారుకి అలాగే వచ్చారు. పిండి రుబ్బుకుంటోంది, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళి తలుపు తీసింది. నేను మా వీధరుగు మీంచి చూస్తానే ఉన్నాను. మంగతాయారు ఇప్పటికీ అంటుంది, 'ఆవేళ నేను పొలానికి వెళ్ళుంటే వాళ్ళు వెనక్కి పోయేవారు కదా రత్నం, నా కొడుకు ఇంకో పూట ఉండేవాడు కదా' అని."

పాప నిద్రలో పెదవులు చప్పరించింది. అత్త దాని నుదుటి మీద జుట్టు సర్దింది.

"నా ఇంటికి తాళం ఉంది. తాళం ఉన్నన్నాళ్ళూ ఎవరొచ్చినా వెనక్కి తిరగాల్సిందే. ఇప్పుడు నన్ను వెళ్ళి ఆ తాళం నా చేత్తో తియ్యమంటున్నాడు మీ ఆయన."

ఈవిడ ఇన్నాళ్ళూ మా ఇంట్లో చిక్కుకుపోయిందని మేమనుకున్నాం. ఆవిడ దాక్కుంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. హీటర్ దగ్గరికి తీసుకెళ్ళి కూచోబెట్టి, టీ పెట్టి ఇచ్చాను.

సాయంత్రం అన్నం తింటుంటే మహేంద్రతో అన్నాను, "ఆ సీటు వదిలెయ్ మహీ."

వాడు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "ఏంటి?"

"ఇంకెవరికైనా పనికొస్తాది. అత్త ఇక్కడే ఉంటాది."

"మతుండే మాట్లాడుతున్నావా? ఎన్ని ఫోన్లు చేశానో తెలుసా? మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవడు చెప్పగలడు? నీకు పిల్లని చూసేవాళ్ళు కావాలని అమ్మని కట్టిపడేస్తావా?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అందులో కొంత నిజం కూడా ఉంది కాబట్టి ఇంకా బాగా తగిలింది. నోరు తెరవబోయాను. అంతలో అత్త వాడి కంచంలో చారు పోస్తూ, "దాన్ని అనకురా. పాపని వదిలి వెళ్ళాలని నాకే లేదు" అంది. వాడు వాళ్ళమ్మని చూశాడు, నన్ను చూశాడు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు సీటు వదిలేశానని వాళ్ళమ్మకి చెప్పి, ఆవిడ తలొంచుకోవడం చూసి, ఏమనుకున్నాడో ఏమో, పక్కన కూచుని కాసేపు ఆవిడ భుజానికి తల ఆనించుకున్నాడు.

బెల్లుకి నేను మళ్ళీ బ్యాటరీలు కొనలేదు. తలుపు కొట్టొద్దు, పార్శిల్ ఇక్కడే పెట్టెయ్యండి అని కాగితం మీద రాసి గుమ్మానికి అంటించాను. అత్త రోజూ చీర మార్చేది, కొంగుముడి మాత్రం చీర నుంచి చీరకి మారుతూనే ఉంది.

సెప్టెంబరు వచ్చింది. మా వెనక కంచె మీద కోఫాయ్ చెట్టు పసుప్పచ్చగా పూసింది. గాలి అదే గాలి. ఒక మధ్యాహ్నం అత్త చపాతీ పిండి కలుపుతోంది, నేను పాపకి అన్నం మెదుపుతున్నాను, కుక్కర్ కూత వేసింది. లాండ్రీలో ఫోన్ మోగింది.

అత్త చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఆవిడ మొహం విప్పారింది. ఆ మొహాన్ని నేను ఎన్నాళ్ళకి చూశానో. "వచ్చేశా..." అంటూ సగంలో ఉండగానే రెండోసారి మోగింది. మూడోసారి మోగింది. ఆగలేదు. మేమిద్దరం కదలకుండా అటే చూస్తున్నాం. అది మోగి మోగి, చివరికి దానంతటదే ఆగింది.

పాప చెంచాతో కుర్చీ బల్ల మీద కొట్టింది.

మళ్ళీ మోగింది.

నేను లేచాను. అత్త నాకంటే ముందు లాండ్రీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, పిండి చేతులు రెండు వైపులా చాచి.

"వద్దమ్మాయ్."

"అత్తా, ఆ కబురు ఫోన్లో చెప్పరని నువ్వే అన్నావు కదా. మనుషులొస్తారని అన్నావు కదా."

"మనుషులు వచ్చే ఉంటారు" అంది. "తాళం చూసుకుని తిరిగెళ్ళి ఉంటారు. ఇంకెలా చెబుతారు మరి, ఫోనే చేస్తారు."

ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడ కళ్ళు నా కళ్ళలోకి చూస్తున్నాయి. నేను ఆవిణ్ణి పక్కకి తొయ్యలేదు. ఎత్తుతానని అనలేదు. ఆ ఇంట్లో ఆ ఫోన్ ఎత్తే హక్కు ఒక్కరిదే. ఎంతసేపు నిలబడ్డామో, చివరికి ఆవిడే చేతులు దించింది. వెనక్కి తిరిగి, కిటికీ దాకా నడిచి, పిండి వేళ్ళతోనే బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. హలో అనలేదు.

పాత ఫోన్ కదా, అవతలి గొంతు నాకూ వినబడింది.

"అమ్మా."

అత్త ఫోన్‌ని చెవికి ఇంకా నొక్కుకుంది.

"అమ్మా, వినబడుతోందా? నేనమ్మా, చంద్రని."

"ఎందుకురా ఆపలేదు?" అంది అత్త. గొంతు ఎక్కడో లోతులోంచి వచ్చింది. "ఒక్కసారి మోగించి ఆపాలి కదా."

"ఆపడానికి కుదరలేదమ్మా. ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం ఆయన నంబరు నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు." కాసేపు ఊపిరి చప్పుడు. "మొన్న మలుపులో బండి జారి నదిలో పడింది. ఇంటికి కబురు పంపారంట, తాళం వేసుందన్నారంట. ఇక నేనే చెప్పాలి కదా అని... అమ్మా, నా కుడిచెయ్యి..."

"మాట్లాడేది నువ్వేనా?"

"నేనేనమ్మా."

అత్త వాషింగ్ మెషీన్‌కి వీపు ఆనించి మెల్లగా నేల మీదికి జారి కూచుంది. ఆవిడ చెంపలు తడిసిపోయాయి, చెంప మీదంతా పిండి.

"అయితే చెప్పు నాన్నా" అంది. "చెప్పేది నువ్వయితే ఏదైనా చెప్పు."

వాడు చెప్పాడు. ఆవిడ ప్రతి మాటకీ కథ వింటున్నట్టు ఊఁ కొడుతూ వింది. ఖాళీగా ఉన్న చేత్తో కొంగుముడి విప్పుకుని, బ్యాటరీలు తీసి నా చేతిలో పెట్టింది.